సుందరమ్మత్త సాక్ష్యం

కామాటిపురలో మేమున్న వరుస గదుల చాల్‌ను పడగొట్టి కొత్త భవనం కడుతున్నారు. మొన్న గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి నడిచి వస్తుంటే తడి సిమెంటు వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. సుందరమ్మత్త గుర్తొచ్చింది. కూలి పని నుంచి వచ్చి మా గుమ్మంలో కూలబడి కాళ్లు చాపుకున్నప్పుడు ఆమె చీర నుంచి వచ్చే వాసన అదే.

పాలమూరు నుంచి వచ్చిన మనిషి. భర్త పోయాక మా పక్క గదిలో ఒంటరిగా ఉండేది. మా వరుసలో ఏసుప్రభువును నమ్ముకున్నది ఆమె ఒక్కతే. భక్తురాలంటే మెత్తని మనిషి అనుకునేరు, అదేం లేదు. నల్లా దగ్గర ఎవరైనా వంతు తప్పితే కడిగి పారేసేది. ఆమె ప్రార్థన కూడా దేవుడితో తగువాడుతున్నట్టే ఉండేది. పొద్దున్నే కూలీలు మేస్త్రీల కోసం ఎదురుచూసే నాకాలో ఆమె, మా నాయన పక్కపక్కనే నిలబడేవారు.

నాయన ఒకప్పుడు బాగా తాగేవాడు. నేను పదో తరగతికి వచ్చేసరికి పూర్తిగా మానేశాడు. అమ్మ ఆ సంగతి గల్లీ అంతా చెప్పుకుని మురిసిపోయేది. స్లాబు వేసిన సాయంత్రం మేస్త్రీ అందరికీ మందు పోయించడం ఆనవాయితీ. అలాంటి ఒక సాయంత్రం నాయన తనకు వద్దని చెప్పి, మిగిలిన పని చూడటానికి వెదురు మంచె ఎక్కాడట. పాత తాడు పుటుక్కున తెగింది.

ఆస్పత్రిలో ఆయన చొక్కా గుప్పున సారా కంపు కొట్టింది. అమ్మ ఏడుపు ఆపేసి, "మల్ల తాగినవా?" అని శవాన్నే అడిగింది. అంతకన్నా ఘోరమైన మాట నేను ఇప్పటికీ వినలేదు.

మరునాడు సుందరమ్మత్త వచ్చి అమ్మ ముందు కూర్చుంది. "వదినె, అన్న తాగలే. కింద పడ్డంక మేస్త్రి సీసా తెచ్చి అంగీ మీద కుమ్మరించిండు. నా కండ్లతోని చూసిన."

"నా దుఃఖం తగ్గాలని చెప్తున్నవు," అంది అమ్మ. నమ్మలేదు.

అత్త పోలీసులకూ అదే చెప్పింది. నోరు మూసుకుంటే ఏడాది పొడుగునా పని ఇస్తానని మేస్త్రీ కబురు పెట్టాడు. ఆమె వినకపోయేసరికి తోటి మేస్త్రీలందరికీ చెప్పేశాడు. ఆ తర్వాత నాకాలో ఆమెను పిలిచినవాడు లేడు. మధ్యాహ్నం దాకా నిలబడి ఖాళీ తట్టతో తిరిగొచ్చేది. పోలీసులేమో తాగి పడ్డాడనే తేల్చేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ దేవుడేం జేసిండత్తా? మేస్త్రి అనుకున్నదే అయింది గద!" అని అరిచాను.

ఆమె కూడా అంతే కోపంగా చూసింది. "అయింది. కాలేదని నేనన్ననా? నా పొయ్యి గూడ ఆరిపాయె. కాని ఆడు కుమ్మరించేటప్పుడు పైనున్నోడు చూసిండు బిడ్డా. ఆడెన్ని ఎత్తులేసినా ఆఖరి మాట ఆయనదే."

"ఎప్పుడు చెప్తడు ఆ మాట?"

"నాకేం ఎరుక? నేను గూడ రోజు గదే అడుగుతున్న," అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

అమ్మ గోడకు నాయన ఫోటో పెట్టనివ్వలేదు. ఏళ్ల తర్వాత జబ్బుపడి, "మోసం చేసిండు" అంటూనే కన్నుమూసింది. శ్మశానం నుంచి వచ్చి అత్త ఒళ్లో పడిపోయాను. "అమ్మ తెలుసుకోకుండనే పాయె అత్తా," అని గుండెలవిసేలా ఏడ్చాను. ఇళ్లలో గిన్నెలు తోమి తోమి పగిలిన చేతులతో ఆమె నా తల నిమిరింది. "ఇప్పుడు తెలిసే ఉంటది బిడ్డా. ఆడ మేస్త్రి మాట నడువది."

ఇప్పుడు ఆమె కూడా లేదు. మేస్త్రీ మాత్రం నిక్షేపంగా ఉన్నాడు, ఫోరస్ రోడ్‌లో ఎదురుపడితే నమస్తే కూడా పెడతాడు. అత్తకున్నంత నమ్మకం నాకు లేదు, అబద్ధమెందుకు? అయినా మీ నాయన ఎట్ల పోయిండని ఎవరైనా అడిగితే తల దించుకోను. "పనిలో పోయిండు. తాగలే," అంటాను. ఎక్కడో అమ్మ వింటోందేమోనని కాస్త గట్టిగానే అంటాను.