అమ్మ ముక్కు విరిగింది

నిరుడు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఫలక్‌నుమాలో ఒక శిల్పి షెడ్డులో రాతి పని నేర్చుకోవడానికి చేరాను. మొదటి బొమ్మగా అమ్మ ముఖం చెక్కుతానన్నాను. శిల్పి యాదగిరన్న ఒక్కటే చెప్పాడు: "అమ్మా, ముక్కు పెద్దగ ఉంచు, కండ్లు చిన్నగ పెట్టు. రాయి తీసుడు మన చేతుల ఉంటది, మళ్ల పెట్టుడు ఉండది."

నాకు తొందరెక్కువ. అమ్మది కోటేరు ముక్కు. ముందే దాన్ని సన్నగా తీర్చేశాను. అమ్మను తీసుకొచ్చి చూపిస్తానన్న రోజుకు వారం ముందు, ఉలి జారి ముక్కు కొస కాస్తా విరిగిపడింది.

"ఫికర్ చెయ్యకు. ముఖమంత లోపటికి జరుపు, ముక్కు అదే బయటికి ఎల్తది," అన్నాడు యాదగిరన్న.

వారమంతా బుగ్గలు, నుదురు, పెదవులు లోపలికి చెక్కాను. తీరా చూస్తే ముఖం బక్కచిక్కింది, ముక్కు చప్పిడిగా మిగిలింది. అది అమ్మ కాదు. మరెవరో నాకూ తెలియదు.

అన్న రోజుకు అమ్మ రానే వచ్చింది. బొమ్మ మీది గోనెపట్టా తీశాను. అమ్మ దగ్గరికొచ్చింది. ఆ చప్పిడి ముక్కు మీద వేలు పెట్టి, "మా అమ్మను నువ్వెక్కడ చూశావే?" అంది.

అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు. యాదగిరన్న వైపు చూశాను. ఆయన కూడా అయోమయంగా నన్నే చూస్తున్నాడు.

ఆ బొమ్మ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. దాన్ని చెక్కానో చెడగొట్టానో నేనింకా తేల్చుకోలేదు. అమ్మ మాత్రం రోజూ కొంగుతో దాని ముఖం తుడుస్తుంది.