ఎలుగులా పాకిన ఆవిడ

ఆమదాలవలస స్టేషన్‌లో రైలు కోసం కూర్చుంటే, పక్కనున్నావిడ తన సెల్లులో ఎలుగుబంటి ఫొటో చూపించింది. ఫొటోలో ఉన్నది మొక్కలు నాటి మళ్లీ అడవి పెంచుతున్న మా కొండే. జంతువు ఎదుటికొస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరాలను అక్కడి చెట్లకు కట్టడం ఆవిడ పని. ఆ కొండ మీద నేను ముప్పై ఏళ్లు మేకలు కాశాను. ఎలుగు ఒక్కసారి కూడా నా కంటబడలేదు. నాకు ఒళ్లు మండింది.

అంతకు ముందు ఫొటోలో ఆవిడే చీర ఎగగట్టి, చేతులూ మోకాళ్లూ నేలకానించి పాకుతోంది.

"ఇదేటి?" అన్నాను.

"కెమెరా కట్టినాక ముందు నానే ఎలుగునాగ పాకాలప్పా. నాను ఫొటోలో పడితే అదీ పడతాది."

"ఈ వయసులో సిగ్గు లేదేటి?"

"కొండ మీద ఎవులు సూస్తారు?"

నేను యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. అదైనా ఆవిడకంటే నాకు ఎక్కువుంటుందనుకుని, "సదువొచ్చా నీకు?" అని అడిగాను.

"రాదప్పా. ఎలుగుకీ రాదు," అని నవ్వింది.

ఉక్రోషంతో ఆవిడ పేరు కూడా అడగలేదు.

మర్నాడు మా జీడితోటలో ఎవరూ లేరని చూసుకుని, చీర ఎగగట్టి నాలుగడుగులు పాకాను. మోకాళ్లు గీరుకుపోయాయి. తలెత్తి చూశాను. ఏ చెట్టుకూ కెమెరా లేదు.