బాబాయి వేసిన శిక్ష

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి అందరం టీ తాగుతుంటే, లా చదువుతున్న మా తమ్ముడి మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుంది. యూత్ మీటింగ్‌లో ఆ పిల్ల మాట్లాడాలట. "తాతా, మన విశ్వాసం ప్రకారం తప్పు చేసినవాడికి సజా దేనికి? బద్లా తీర్చుకోవడం కోసమా, మనిషి మారడం కోసమా?" అని అడిగింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే తనకి తలనొప్పి వస్తుంది, అందుకే నా దగ్గరికి వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టినవాళ్లని ఆ ప్రశ్న అడగడం కొంచెం తమాషాయే. మా ఊరు పెరిగిందే కాలాపానీ శిక్షల మీద. ఏదో పెద్ద జవాబు చెబుదామని గొంతు సవరించుకున్నాను. తీరా నోరు విప్పితే మా బాబాయి కథే బయటికి వచ్చింది.

అప్పట్లో మేం రేవు పక్కనున్న హాడోలో గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్నగారు స్కూల్లో హెడ్మాస్టరు, చర్చిలో సంఘపెద్ద, ఇంట్లో ఆ రెండూను. నేను అప్పుడప్పుడే టీచరుగా చేరాను. బాబాయి రేవులో క్లర్కు. ఓడలోంచి దిగే సరుకు సరిచూసుకోవడం ఆయన పని. ఎక్కడుంటే అక్కడ నవ్వులే. ఆదివారం మాత్రం గంభీరంగా ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చిలో డోలక్ ముందు కూర్చునేవాడు. రేకుల మీద వాన ఎంత హోరెత్తినా ఆయన దెబ్బ విడిగా వినిపించేది. మా నాయనమ్మ కళ్లు మూసుకుని ఊగేది. అది దేవుడి మీద భక్తో, చిన్నకొడుకు మీద మురిపెమో ఎవరం అడగలేదు.

ఆ చేతినే పాడుచేశాడు, రేవులో సరుకు ఎత్తే యంత్రం, అంటే విన్చ్, నడిపే ఒకాయన. మా చర్చివాడే. అందరం విన్చ్ భయ్యా అనేవాళ్లం. ఒక ఉదయం పనిలోకి వచ్చీ రాగానే, బస్తాలు లాగే ఇనప కొక్కెం తీసుకుని బాబాయి కుడి మణికట్టు మీద కొట్టాడు. నరాలు తెగిపోయాయి. చెయ్యి దక్కింది గానీ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. భయ్యా పారిపోలేదు. కోర్టులో ఎందుకు కొట్టావంటే తల వంచుకుని నిలబడ్డాడు తప్ప నోరు విప్పలేదు. జైలుకి పంపారు.

ఆయన చెప్పని కారణాన్ని మేమందరం తలా ఒకటి చెప్పుకున్నాం. తాగుడు అన్నారు నాన్నగారు. అందరి లోపలా ఉన్న పాపమే అది, అలాంటి ఘడియ మనకింకా రాలేదంతే, అన్నారు పాస్టరుగారు. వాడి మొహం చూస్తేనే తెలియడం లేదా అంది పిన్ని. బాబాయి మాత్రం ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినడం నేర్చుకున్నాడు, జోకులు మానేశాడు. చెయ్యి కంటే ఆ మౌనమే మా ఇంటికి పెద్ద లోటైంది.

జైలు నుంచి విడుదలయ్యాక భయ్యా చర్చికి రావడం మొదలుపెట్టాడు. లోపలికి కాదు, వరండా మెట్టు దాకానే. గొడుగేసుకుని అక్కడే కూర్చుని పాటలు వినేవాడు. దాని మీద మా ఇంట్లో భోజనాల దగ్గర పెద్ద వాదన.

"నేరస్థుణ్ణి శిక్షించమని ప్రభుత్వానికి అధికారమిచ్చింది దేవుడే. శిక్ష పడింది, న్యాయం జరిగింది. అంతమాత్రాన లోపలికి పిలిచి కుర్చీ వెయ్యాలా?" అన్నారు నాన్నగారు.

"శిచ్చ అయిపోనాదా, నేదా? అయిపోతే ఇంకా గుమ్మం బయటేటి?" అంది నాయనమ్మ. "తండ్రి కొడితే పిల్లడు దారికి రావాలనే కదేటి, ఇంట్లోంచి పోవాలనా? మనం చమించీసినాం. వొచ్చే ఆదోరం నానే చెయ్యట్టుకుని లోపలికి తెస్తాను."

బాబాయి చెంచా కింద పెట్టాడు. "అమ్మా, చెయ్యి నాది. క్షమించాల్సింది కూడా నేనే కదా."

నాయనమ్మ ఆ చెంచా తీసి మళ్లీ ఆయన ఎడమచేతిలో పెట్టింది.

ఆ పై ఆదివారం పాట మధ్యలో బాబాయి లేచి వరండాలోకి వెళ్లాడు. ఏమవుతుందోనని నేను వెనకాలే పరిగెత్తాను. ఆయన వెళ్లి భయ్యా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎందుకు కొట్టావు?"

"వద్దు సాబ్. ఛోడియే."

"కోర్టుకి చెప్పకపోతే పోనీ. నాకు చెప్పు. రోజూ ఈ చెయ్యి చూసుకుని అదే ఆలోచిస్తున్నాను."

భయ్యా గొడుగు బాబాయి వైపు వంచాడు. "ఆ రోజు పొద్దున్న నా భార్య వైజాగ్ షిప్పెక్కి వెళ్లిపోయింది. మళ్లీ రానంది. నేను జెట్టీ నుంచి సీదా డ్యూటీకొచ్చాను. లేటైంది. మీరు అందరి ముందూ, 'ఏం భయ్యా, పెళ్లాం షిప్పెక్కేసిందా?' అన్నారు. అందరూ నవ్వారు."

బాబాయి మొహం పాలిపోయింది. ఆలస్యంగా వచ్చిన ప్రతివాణ్ణీ ఆయన అనే మాట అది. ఆ రోజు అన్నట్టు కూడా ఆయనకి గుర్తులేదు.

"నాకు తెలీదు భయ్యా."

"మాలూమ్ హై సాబ్, మీకు తెలీదని. మీకు తెలిసినా తెలియకపోయినా నేను కొట్టింది తప్పే. కోర్టులో చెప్తే తప్పు మీ మీదకి తోసినట్టే కదా. అందుకే చెప్పలేదు."

క్షమించాను అంటాడేమోనని చూశాను. అనలేదు. బాబాయి లేచి, "లోపలికి రా. డోలక్ ఊరికే పడుంది, ఇకమీద నువ్వు వాయించు" అన్నాడు.

"నాకు రాదు సాబ్."

"నేర్పుతాను. అదే నేను వేసే శిక్ష."

నిజానికి శిక్ష పడింది మా సంఘం మొత్తానికి. తాళమన్నది భయ్యా ఒంట్లోనే లేదు. పాట ఒక దారి, డోలక్ ఒక దారి. పాస్టరుగారు వరసగా సహనం మీదే ప్రసంగాలు చేశారు. ఎన్నడూ నవ్వని నాన్నగారు కూడా, "ఏ జడ్జీ ఇంత కఠినంగా తీర్పు చెప్పడు" అన్నారు. బాబాయి మాత్రం పక్కనే కూర్చుని, భయ్యా మోకాలి మీద ఎడమచేత్తో తాళం వేస్తూ ఉండేవాడు. మొదట చిన్నగా సరిచేసేవాడు, తర్వాత కసిరేవాడు. కసురుతూ కసురుతూ ఒకరోజు వెక్కిరించాడు, భయ్యా పగలబడి నవ్వాడు. జోకులు అలా తిరిగొచ్చాయి. ఒక్కటే తేడా. ఎవరి మీదైనా మాట విసిరే ముందు బాబాయి ఆ మనిషి మొహంలోకి ఒక్క క్షణం చూసేవాడు.

ఇద్దరూ ముసలివాళ్లయ్యేదాకా అలాగే పక్కపక్కన కూర్చున్నారు. ఇప్పుడిద్దరూ లేరు. భయ్యాని ఎప్పుడు క్షమించావని ఒకసారి బాబాయిని అడిగాను. "ఏమోరా, తాళం సరిచేసే పనిలో పడిపోయాను. అదెప్పుడయిందో చూసుకోలేదు" అన్నాడు. ఆ పిల్ల ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇదే. కాలమే అన్నిటినీ మాన్పుతుందని నేను కూడా చాలామందికి చెప్పాను గానీ, ఒట్టి కాలం ఏం చేస్తుంది. ఆ కాలమంతా ఒకరి పక్కన ఒకరు కూర్చుని గడిపే ఓపిక ఇద్దరు మనుషులకు ఉండాలి.