నల్లది పట్టనన్న వాసన

లేత్ మిషన్ మీద పనిచేసే ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుందని వర్క్‌షాపంతా చెప్పుకుంటారు. పొద్దున్నే ఆవిడ టీ తాగేదాకా మేస్త్రీ కూడా పలకరించడు. అలాంటి మనిషి తన నల్ల కుక్క మీద మాత్రం ఏనాడూ గొంతు పెంచలేదు.

ఆదివారం వస్తే ఇద్దరూ గడ్డి మైదానంలోనే. ముందు ఎవరో ఒకరు గడ్డిలో మలుపులు తిరుగుతూ నడిచి, చివర ఓ చేతితొడుగు వదిలేసి వస్తారు. ఆ అడుగుల వాసన పట్టుకుని కుక్క వెళ్లి తొడుగు దగ్గర పడుకోవాలి. పొడుగాటి తాడు పట్టుకుని వెనకాల నడవడమే మనిషి పని. తాడు లాగకూడదు, దారి చూపకూడదు.

మధ్యలో ఆవిడ మణికట్టు విరిగింది. "వాసన పట్టే పోటీలు దగ్గరికొచ్చాయి, నల్లదాన్ని నేను తయారు చేస్తాలే అక్కా," అని తమ్ముడు తనింటికి తీసుకెళ్లాడు.

కట్టు విప్పాక మొదటి ఆదివారం తమ్ముణ్ణే నడిచి రమ్మంది. నల్లది అతని మొదటి అడుగు దగ్గర ముక్కు పెట్టిందో లేదో, తోక కాళ్ల మధ్యకి పోయింది. వెనక్కొచ్చి ఆవిడ కాళ్ల చాటున నక్కి వణికింది. పక్కింటాయన్ని నడిపిస్తే వెళ్లింది గానీ, మలుపు మలుపుకీ ఆగి, దెబ్బ పడుతుందేమోనన్నట్టు వెనక్కి చూసింది.

"ఏం చేశావురా దీన్ని?"

తమ్ముడు నీళ్లు నమిలాడు. "మలుపు తప్పినప్పుడల్లా తాడుతో రెండు తగిలించా. కుక్కే కదక్కా!"

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. "ఇంకోసారి నా గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా," అంది. మాటవరసకి అనలేదు.

పోటీ రోజున నల్లది మొదటి మలుపు దాకా బాగానే వెళ్లింది. అక్కడ ఆగి తల తిప్పింది. ఆవిడ కదలకుండా నిలబడింది. ఇంతలో జనంలోంచి తెలిసిన గొంతు వినబడింది. "తాడు లాగక్కా! లాగితే అదే పోతుంది!"

"నోరు ముయ్యరా వెధవా!"

మైదానం దద్దరిల్లింది. నల్లది నేలకి అతుక్కుపోయింది. ఆ తిట్టు తనకే అనుకుంది పాపం. అది చూసి ఆవిడకి కోపం ముంచుకొచ్చింది. ఈసారి తమ్ముడి మీద ఎంతో తన నోటి మీదా అంతే. పెదవి కొరుక్కుంటూ గడ్డిలో కూలబడి, తాడు వదులు చేసి కూర్చుంది. నల్లది లేవలేదు. న్యాయనిర్ణేత ఈల ఊదేశాడు. ఆవిడ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని తమ్ముడి ముందునుంచే నడిచి వెళ్లింది. అతను తలెత్తలేదు.

ఇప్పుడు మళ్లీ మొదటినుంచీ నేర్పుతోంది. నిన్న నల్లది ఒక మలుపు వెనక్కి చూడకుండానే తిరిగింది. రెండో దాని దగ్గర చూసింది.

సాయంత్రం మరదలు గుమ్మంలోకొచ్చింది. "మీ తమ్ముడు చాలా బాధపడుతున్నారు వదినా."

"పడనీ," అంది ఆవిడ, తలుపు వేసేస్తూ.