ఖరాబు రక్తం ఎవరి దిక్కుది?

కరోనా సద్దుమణిగాక, పదవీ విరమణకు ముందు నా చివరి పోస్టింగు సిరిసిల్లలో, పిల్లల వైద్యుడిగా. జన్యు సవరణ చికిత్స మన దాకా రాలేదు గానీ, దాన్ని అమ్మే ఏజెంటు అప్పటికే కోరుట్లలో దుకాణం తెరిచాడు. అంతకుముందు గల్ఫ్ వీసాలు అమ్మేవాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

సరిత కూతురికి తలసేమియా. ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు, నెలనెలా ఎక్కించాలి. మరమగ్గాలు ఆగిపోయి భర్త రెండు నెలల కిందటే మస్కట్ పోయాడు. సరిత మళ్లీ మూడో నెల గర్భవతి. తల్లీతండ్రీ ఇద్దరూ లోపాన్ని మోస్తుంటేనే ఇలాంటి బిడ్డ పుడుతుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. కడుపులోని శిశువుకు వెంటనే పరీక్ష చేయించమన్నాను. ఆలస్యమైతే ఏదీ తేల్చుకునే వ్యవధి ఉండదు.

వెంట వచ్చిన అత్త రాజవ్వ ఒప్పుకోలేదు.

"మా పోరనికి గల్ఫ్ మెడికల్ల ఫిట్ అని ఇచ్చిండ్రు సారూ. గీ పోరిదే ఖరాబు రక్తం. కోరుట్ల సారు ఒక్క సూది ఏపిస్తడట, ఏడు తరాల దాంక వంశం సాఫైతదట. ఇంక పరీక్షెందుకు?"

ఓపికగా చెప్పాను. కడుపులో ఉన్నప్పటి రక్తం తయారీని పుట్టాక ఆపేసే మీట ఒకటి మన కణాల్లో ఉంటుంది. రోగి మూలుగ కణాలను బయటికి తీసి, ఆ మీటను కత్తిరిస్తారు, దాంతో ఆ రక్తం మళ్లీ తయారవుతుంది. ఒంట్లోని పాత మూలుగను ఘాటైన మందులతో తుడిచేసి, ఆ సవరించిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. రోగి బాగుపడవచ్చు. అండంలో, వీర్యంలో లోపం మాత్రం అలాగే ఉండి పిల్లలకు పోవచ్చు. వంశం సాఫు కావడం ఏజెంటు నోట్లోనే. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టయింది.

రాజవ్వ పోదాం పా అని లేచింది.

"జర ఆగు అమ్మమ్మా" అన్నది సరిత.

అత్తను అమ్మమ్మ అంటావేమని అడిగాను.

"మా అమ్మ ఈమె బిడ్డనే సార్. నేను మేనమామనే చేసుకున్న."

నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఈ ముసలామె తిట్టింది సొంత కూతురి రక్తాన్నే.

సరిత ఆమె వైపు తిరిగింది. "నాది ఖరాబైతే నీ ఇంట్లకెల్లే, మా అమ్మతోని అచ్చింది. నేను పరీక్షకు పోత."

హైదరాబాదులో పరీక్ష జరిగింది. శిశువుకు జబ్బు లేదు, తల్లిలాగే లోపాన్ని మోస్తుందంతే. ఆ కబురు విని రాజవ్వ వార్డంతా వినేట్టు, "మా వంశంల ఏం లేదని నేను ముందే చెప్పలే?" అన్నది.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, జన్యువుల పాఠం ఎత్తుకోకముందే ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగేవాణ్ని. అడిగితే సగం తిట్లు ఆగిపోతాయి. మిగతా సగానికి వైద్యంలో మందు లేదు.