ఇంజన్‌కు పెట్టిన బొట్టు

కుంకుమ భరిణెతో కారు ఇంజన్ ప్రాణం తీయబోయిన మహాతల్లి ఎవరని అడిగితే, చెయ్యెత్తాల్సింది నేనే. చదివి నవ్వుకోండి, మావారికి మాత్రం గుర్తు చేయకండి.

అప్పుడు మా బాబుకు ఆరో నెల. మేముండేది జగ్గయ్యపేట. అన్నప్రాశనేమో నందిగామలో, అమ్మావాళ్ళింట్లో. ముహూర్తం పన్నెండింటికి. మా సెకండ్‌హ్యాండ్ కారు టైమింగ్ బెల్టు పగుళ్ళిచ్చిందని మెకానిక్ డేవిడన్న పొద్దున్నే మా వాకిట్లో దాన్ని విప్పాడు. లోపల పక్కపక్కనే ఉన్న రెండు పళ్ళచక్రాల మీద ముందే సుద్దముక్కతో గీతలు పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, ఈ గీతలు రెండూ ఎదురెదురుగా ఉండాలి. ఒక్క పన్ను జరిగినా లోపల వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజన్ పోద్ది. కొత్త బెల్టు తెస్తా. ఎవర్నీ చెయ్యి పెట్టనీయమాక" అని బండెక్కాడు.

ఎవర్నీ అన్నాడు. నన్ను అనలేదుగా!

తొమ్మిదిన్నరైంది, పదైంది, మనిషి రాడు. చంకలో బిడ్డ, చూపు గడియారం మీద. నా బిడ్డ ఎక్కబోయే బండి పేగులు బయటపెట్టుకుని జిడ్డోడుతుంటే నాకు కాలు నిలవలేదు. పాత గుడ్డ తెచ్చి చక్రాలు శుభ్రంగా తుడిచాను. చెరో బొట్టూ పెట్టాను. ఒక బొట్టు ఓరగా కనిపించింది. శుభమా అని వెళుతూ ఓర బొట్టేమిటి? చక్రం పట్టుకుని బలంగా తిప్పాను. టక్కుమని తిరిగింది. బొట్టు నిటారుగా నిలిచింది. హమ్మయ్య అనుకున్నాను.

డేవిడన్న వచ్చాడు. చేతిలోని బెల్టు జారి కింద పడింది.

"చెల్లెమ్మా, నా గీతలేయి?"

"జిడ్డుగా ఉంటే తుడిచానన్నా."

"చక్రం కూడా తిరిగిందే!"

"బొట్టు వంకరగా ఉంటేను..."

స్నానం ముగించి బయటికొచ్చిన మావారు తువ్వాలుతోనే నిలబడిపోయారు. "డిగ్రీలో ఏం చదివావు నువ్వు?"

"బోటనీ అండి."

"అందుకే, చక్రాన్ని చూసి మందారం అనుకున్నావు!"

డేవిడన్న టార్చి వేసి వెతికాడు. చక్రాల అంచున కంపెనీవాళ్ళు చెక్కిన సన్నని గాట్లు, నా కుంకుమ ఇరుక్కుని ఎర్రగా కనిపించాయి. మందు చుక్కలు కొలిచినంత జాగ్రత్తగా చక్రం వెనక్కి తిప్పి, గాట్లు కలిపి, బెల్టు ఎక్కించాడు. ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి "ఎక్కడా తగల్లా" అన్నాకే నాకు ఊపిరాడింది.

దారిలో ఏమవుతుందోనని అతన్నీ ఎక్కించుకుని, ముహూర్తానికి ఐదు నిమిషాల ముందు నందిగామ చేరాం. అమ్మ హారతి పళ్ళెంతో ఎదురొచ్చింది.

"బండి బాగుపడిందిగా నాయనా, ఆ మూత ఎత్తు. లోపల కాస్త బొట్టు పెడతా."

డేవిడన్న ఒక్క గెంతున బోనెట్ మీద బోర్లా పడ్డాడు. "వద్దు పెద్దమ్మా! మీ అమ్మాయి పెట్టేసింది!"

ఆ రోజు బిడ్డ నోట్లో పాయసం పెట్టిన చేత్తోనే ఒట్టేశాను. ఇకపై నా కుంకుమ కారు బోనెట్ దాటి లోపలికి పోదు. పెట్టిన బొట్టు వంకరగా కనిపిస్తే, నా తలే వంచి చూసుకుంటాను.