దశమి కోసం ఆగాం

మూడో తరగతికి వచ్చేసరికి మా పిల్ల మాట్లాడటం మానేసింది. అంతకుముందు వసపిట్ట. దానికి జవాబులు చెప్పలేక నేనే "నోరు ముయ్యవే కాసేపు" అనేదాన్ని. మేం వేసిన ప్రైవేటు బళ్ళో తెలుగు మాట్లాడితే క్లాసు బయట నిలబెడతారు. ఇంగ్లీషు రాదు, తెలుగు కూడదు, ఇంక ఏం మాట్లాడుద్ది? ఇంటికొచ్చినా అంతే. పొద్దున్నే బడి బస్సు హారన్ వినపడితే కడుపునొప్పి అనేది. మొదట్లో నాటకాలు అనుకున్నా. ఒకరోజు నిజంగానే వాంతి చేసుకుంటే నాకు భయమేసింది.

మేముండేది నరసరావుపేటలో. మా ఇంటికి రెండు వీధుల అవతల మునిసిపల్ బడి ఉంది. ఒకప్పుడు అందులో పిల్లల్ని వెయ్యమంటే మొహం చిట్లించేవాళ్ళు. ఇప్పుడు బళ్ళు తెరిచిన వారానికే గేటుకి "సీట్లు లేవు" అని అట్టముక్క కడుతున్నారు. అంతా అక్కడి పెద్ద టీచరమ్మ చలవ. కూరగాయలకి పోయేటప్పుడు కావాలనే ఆ గోడ పక్కన నెమ్మదిగా నడిచేదాన్ని. లోపల పిల్లలు నేనంటే నేనని జవాబులు చెబుతుంటారు. అందులో మా పిల్ల గొంతు కూడా వినపడాలని చానా ఆశగా ఉండేది.

జూన్‌లో నాలుగుసార్లు తిరిగా. ఖాళీ లేదమ్మా అంటే ఇంటికొచ్చి, మళ్ళీ పోయేదాన్ని. ఫీజు కట్టే బడి మాన్పించి ఇందులో వేస్తే చుట్టాలు ఏమనుకుంటారని మా ఆయన నసిగాడు. చుట్టాలొచ్చి దాని వాంతి కడుగుతారా అన్నా.

ఒక మంగళవారం పొద్దున టీచరమ్మ ఫోన్ చేసింది. మూడో తరగతిలో ఒక పాప వాళ్ళ నాన్నకి మాచర్ల బదిలీ అయిందట, ఒక్క సీటు ఖాళీ. టీసీ తర్వాతైనా తెచ్చివ్వొచ్చు, ముందు పిల్లను తీసుకురమ్మంది. నా కాళ్ళు నేలమీద లేవు. మా అత్త మాత్రం సరాసరి క్యాలెండర్ దగ్గరికి పోయింది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదు. బుధవారం అష్టమి, గురువారం నవమి. శుక్రవారం దశమి, దివ్యంగా ఉందంది. నాకూ లోపల అదే అనిపించింది. ఇన్నాళ్ళు ఆగినవాళ్ళం, చదువు సంగతి, మంచి రోజున చేస్తే పోయేదేముంది అనుకున్నా. శుక్రవారం వస్తామని ఫోన్ చేసి చెబుదామన్న ఆలోచన కూడా రాలా. పిలిచి మరీ ఇచ్చిన సీటు ఎక్కడికి పోద్దిలే అనే ధీమా.

శుక్రవారం పిల్లకి తలంటి, పట్టులంగా కట్టి, క్లాసులో పంచడానికి పెన్సిళ్ళు, చాక్లెట్లు పట్టుకుని బయల్దేరాం. మమ్మల్ని చూసి టీచరమ్మ లేచి నిలబడింది.

"నిన్న మధ్యాహ్నం దాకా మీకోసమే ఉంచానమ్మా. మీరు రాలేదు, ఫోనూ లేదు."

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పని మానుకుని ఈ ఊరొచ్చిన వాళ్ళు నిన్న పిల్లని వెంటబెట్టుకుని వచ్చారట. వాళ్ళకి ఇచ్చేసిందట. ఆమెని తప్పుపట్టడానికి ఏముంది? నవమి అని ఆగామండీ అని చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది. చేతికందింది నోటికందలేదు.

అత్తమీద కోపం దుత్తమీద చూపించినట్టు, ఇంటికొచ్చి గిన్నెలన్నీ దడదడలాడించా. రాసిపెట్టి లేదు అంది అత్త. ఎవరో రాయలేదు, మనమే చెడగొట్టుకున్నాం అన్నా. రెండు రోజులు మాకు మాటల్లేవు. సోమవారం పిల్ల మళ్ళీ అదే బస్సెక్కింది.

దసరా సెలవులయ్యాక ఇంకో సీటు ఖాళీ అయింది. ఫోన్ పెట్టేసి, పిల్లకి ఒక్క జడే వేసి పరిగెత్తా. మా అత్త చెప్పులు కూడా వేసుకోకుండా మా వెనకే వచ్చింది. పది నిమిషాల్లో పేరు రాయించేశాం.

పదిహేను రోజులకి దాని గొంతు తిరిగొచ్చింది. బళ్ళో ఏం జరిగిందో చెప్పీ చెప్పీ మా చెవులు తినేస్తోంది. తినెయ్యనీ, నాకు ఎంత హాయిగా ఉందో. ఒక సాయంత్రం అన్నం తింటూ అడిగింది, ఈ బడి ఇంత దగ్గరుందిగా, మొదటిసారి సీటొచ్చినప్పుడే ఎందుకు వెయ్యలేదని.

మీ నానమ్మ వల్లే అని నోటిదాకా వచ్చింది. కానీ ఆ రోజు సరేనన్నది నేనే. అబద్ధం చెప్పలేకపోయా.

"అవి మంచి రోజులు కావని ఆగామమ్మా" అన్నా.

అది ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది. కోపంగా కూడా అనలేదు.

"మరి ఆ చెడ్డ రోజుల్లో నన్ను పాత బడికి పంపావుగా" అంది.